నిజాం కాలందేనా? నాందేడ్ సరిహద్దు ఊళ్లలో పాత సేద్యపు పనిముట్ల వయసు, చరిత్ర తేల్చడం ఎలా

ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్, కిన్వట్ వైపు ఏ తెలుగు ఇంటి కొట్టంలో చూసినా మూలన ఒక ఇనుప నాగలో, పళ్లు ఊడిన గొర్రో, తుప్పు పట్టిన ఇంజనో ఉంటుంది. ఎప్పటిదని అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒకటే: "నిజాం కాలంది." ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఈ నాందేడ్ జిల్లా 1948 సెప్టెంబరు దాకా హైదరాబాద్ రాజ్యంలోనే ఉంది కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం. కానీ 1965లో సంతలో కొన్న నాగలిని కూడా ఇక్కడ నిజాం ఖాతాలోనే వేస్తారు. ఈలోగా భంగార్ (పాత ఇనుము) బండి వచ్చి కిలోల లెక్కన తూకం వేసుకుని పోతుంది.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. పాత పనిముట్టుకు ఒక తేదీ ఉండదు, మూడుంటాయి: అది తయారైన కాలం, మీ ఇంటికి వచ్చిన కాలం, చివరిసారి బాగుచేసి పనికి కట్టిన కాలం. నాగలి 1930ల నాటిది, కర్రు 1975 నాటిది, కాడి మీ నాన్న చేయించింది కావచ్చు. ఈ మూడూ కలిపేస్తే ఎంత వెతికినా లెక్క కుదరదు. కింద చెప్పే పనులన్నీ ఈ మూడు తేదీలను విడదీయడానికే.

ముందు చేయకూడని పని

ఇసుక కాగితం, వైర్ బ్రష్, ఆమ్లం, పెయింట్ డబ్బా పక్కన పెట్టండి. ఇనుము మీద తయారీదారు పేరు మిల్లీమీటరు ఎత్తులో కూడా ఉండకపోవచ్చు. గట్టిగా రుద్దితే మీకు కావలసిన సాక్ష్యమే పోతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. దసరాకు, పోళాకు (ఎద్దుల పండక్కి) పెట్టిన పసుపు కుంకుమల పొరలు కూడా ఉండనివ్వండి. ఆ వస్తువును ఇంట్లో ఎన్నాళ్లు పూజించారో చెప్పేది అవే.

ఉన్నచోటనే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి. మట్టి ఎండి ఉంటే మెత్తటి కుంచెతో దులపండి, జిడ్డు ఉంటే గుడ్డకు కొంచెం కిరోసిన్ అద్ది తుడవండి. ఇంజనైతే హ్యాండిల్ పెట్టి తిప్పి చూడాలనే ఉబలాటం ఆపుకోండి.

దాని పని ఏమిటో తేల్చండి

సరిహద్దులో ఒకే పనిముట్టును పక్కపక్క ఇళ్లలోనే వేర్వేరు పేర్లతో పిలుస్తారు. తెలుగు ఇంట్లో గొర్రు అన్నది మరాఠీ ఇంట్లో తిఫన్. గుంటకను వఖర్ అంటారు. చాళ్ల మధ్య కలుపు తీసేదాన్ని చాలా చోట్ల డవ్రా అంటారు. బావి నీళ్లు తోడే మోట మాత్రం రెండు వైపులా మోటే. గొర్రు మీద విత్తనాలు పోసే గిన్నె తెలుగులో జడ్డిగం, మరాఠీలో చాడే. నోట్‌బుక్‌లో రెండు పేర్లూ రాసుకోండి. తర్వాత కాగితాల్లో, ముసలివాళ్ల మాటల్లో ఏ పేరు తగులుతుందో ముందే చెప్పలేం.

ఆ తర్వాత కొలతలు. గొర్రు పళ్ల మధ్య దూరం అది ఏ పంటకు చేయించారో చెబుతుంది. దాదాపు 9 నుంచి 12 అంగుళాలైతే గోధుమలాంటి దగ్గర చాళ్ల పంట, 14 నుంచి 18 అయితే జొన్న, అంతకు మించితే పత్తి అయ్యే అవకాశం ఎక్కువ. కాడి పొడవు కూడా కొలవండి. దున్నే కాడి పొట్టిగా ఉంటుంది. చాళ్ల మధ్య అరక తోలే కాడి, ఎద్దులు మొక్కలు తొక్కకుండా ఎడంగా నడవాలి కాబట్టి, పొడవుగా ఉంటుంది. ఊళ్లో ఇప్పుడు పత్తి, సోయా తప్ప మరోటి లేకపోయినా, దగ్గరి పళ్ల గొర్రు దొరికిందంటే ఆ పొలంలో ఒకప్పుడు ఏం పండిందో అది చెప్పేసినట్టే.

అక్షరాలు బయటికి తేవడం

ఇక్కడ ఓపిక కావాలి. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిలైటును ఇనుముకు దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టండి. పగలు కనిపించని అక్షరాలు నీడలతో లేస్తాయి. అయినా అర్థం కాకపోతే పల్చటి కాగితం కప్పి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దండి, లేదా సుద్దపొడి పూసి పైపైన తుడవండి. గడ్డి కోసే యంత్రమైతే చక్రం ఆకుల మీద, నాగలి అయితే దాని మెడ దగ్గర, ఇంజనైతే ఒంటి మీద పోతలోనే వచ్చిన అక్షరాలు, పక్కన రివెట్లతో బిగించిన ఇత్తడి రేకు, రెండూ చూడండి.

పోతలో వచ్చిన పేరు ఆ ముక్కకే చెందుతుంది, మొత్తం యంత్రానికి కాదు. చక్రం ఒక కంపెనీది, ఒళ్లు ఇంకోటి అయిన గడ్డి యంత్రాలు ఈ వైపు చాలా ఉంటాయి. అంకెలు దొరికితే వాటిని వెంటనే సంవత్సరం అనుకోకండి. చాలావరకు అవి విడిభాగం నంబర్లో, మోడల్ నంబర్లో అయి ఉంటాయి.

ఇత్తడి రేకు దొరికితే అదృష్టమే. పేరు కంటే దాని చిరునామా ఎక్కువ చెబుతుంది. ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి రేకు, ఎందుకంటే పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు. కంపెనీ పేరు చివర 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉంటే 1956 కంపెనీల చట్టం తర్వాతిదనుకోవచ్చు. అంతకు ముందు ప్రైవేటు కంపెనీలు కూడా ఉత్త 'లిమిటెడ్' అని రాసుకునేవి. ఐఎస్‌ఐ గుర్తు ఉంటే స్వాతంత్ర్యం తర్వాతిదే. ఆ గుర్తు పక్కన ప్రమాణం నంబరు, దాని వెనక ఒక సంవత్సరం ఉంటే, యంత్రం ఆ సంవత్సరం కంటే పాతది కాదు. 'బాంబే' అని ఉంటే మాత్రం పెద్దగా తేలదు, 1995 దాకా ఆ పేరే.

ఒకే ఏడాదికి నాలుగు లెక్కలు

మన దగ్గర తేదీ దొరికినా చిక్కే. బావి రాయి మీద, ధాన్యం కొలిచే మానిక మీద, షావుకారు బహీలో (లెక్కల పుస్తకంలో) నాలుగు రకాల సంవత్సరాలు కనిపిస్తాయి. సర్కారు కాగితంలో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం), మరాఠీ ఇంట్లో శక, మార్వాడీ కొట్టులో విక్రమ సంవత్, రైల్వే రసీదులో ఇంగ్లిషు సంవత్సరం. లెక్క సులభమే: ఫసలీకి 590 కలపండి, శకకు 78 కలపండి, సంవత్ నుంచి 57 తీసేయండి. వచ్చేది ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లిషు ఏడాది. ఫసలీ 1342, శక 1854, సంవత్ 1989 అన్నీ 1932–33 దగ్గరికే వస్తాయి.

అసలు ప్రమాదం హిజ్రీతో. 1342 అని ఒక్కటే చెక్కి ఉంటే అది ఫసలీ అయితే 1932, హిజ్రీ అయితే 1923–24. దాదాపు తొమ్మిదేళ్ల తేడా. సర్కారు వస్తువు, శిస్తు కాగితం అయితే ఫసలీ వైపు మొగ్గండి. మసీదు, దర్గా, సొంత కట్టడం అయితే హిజ్రీ వైపు. అంకె పక్కన ఏదైనా ఉర్దూ అక్షరం ఉంటే దాన్ని విడిగా ఫోటో తీసి చదవగలిగినవాళ్లకు చూపించండి. మీకు ఉర్దూ రాకపోయినా అంకెలు ఒక పూటలో నేర్చుకోవచ్చు. లిపి కుడి నుంచి ఎడమకు పోయినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి ఉంటాయి, సున్నా ఒక చుక్క. ఆ చుక్కను తుప్పు మచ్చ అనుకుని వదిలేస్తే వందలూ పదులూ తారుమారవుతాయి.

బోల్టు, అతుకు, చెక్క

పేరు లేని వస్తువులే ఎక్కువ. వాటికి ఒంటి మీద ఉన్న పనితనమే ఆధారం.

బోల్టు విప్పగలిగితే మరలు లెక్కపెట్టండి. అర అంగుళం విట్‌వర్త్ (పాత ఇంగ్లిషు అంగుళాల పద్ధతి) బోల్టుకు అంగుళానికి 12 మరలు. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు మర మరకూ 1.75 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి పద్నాలుగున్నర. స్కూలు పిల్లల స్కేలు చాలు. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1960ల్లో పాతుకున్నాయి. అందుకని అన్నీ విట్‌వర్త్ మరలే ఉంటే పాత తయారీ అనుకోవచ్చు, కలగలిసి ఉంటే ఆ మెట్రిక్ బోల్టు దగ్గర మరమ్మతు జరిగింది. నలుచదరపు నట్లు ఉంటే ఇంకా పాతదనే అనుమానం బలపడుతుంది.

ఇనుము ఇనుము ఎలా అతికిందో చూడండి. కొలిమిలో కాల్చి సమ్మెటతో కొట్టి అతికించినచోట సన్నటి వంకర గీత, చుట్టూ సుత్తి దెబ్బలు ఉంటాయి. కరెంటు వెల్డింగ్ అయితే గుట్టలు గుట్టలుగా పూసలాంటి గీత. ఊళ్లకు కరెంటు రాకముందు ఆ అతుకు పడదు కాబట్టి, మీ తాలూకాకు కరెంటు ఎప్పుడొచ్చిందో తెలిస్తే ఆ మరమ్మతుకు ఒక హద్దు దొరికినట్టే. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పగిలినచోట ఇత్తడితో అతికించి ఉంటే, కొత్తది కొనలేని రోజుల్లో ఎవరో దాన్ని ప్రాణంలా కాపాడుకున్నారని అర్థం. నాకు అలాంటి ముక్కలంటే కొత్తగా మెరిసే నాగలి కంటే ఇష్టం.

చెక్క భాగాల్లో తుమ్మ ఎక్కువ. నల్లరేగడి వైపు నాగళ్లకు అదే ముఖ్యం. కాడికి బరువు తక్కువ కర్ర వాడతారు, అడవి దగ్గర కిన్వట్ వైపు టేకు కూడా కనిపిస్తుంది. మేడి పట్టుకున్నచోట నునుపు, తాడు ఒరిసిన గాడి, ఎద్దు మెడ ఆనిన వంపు, ఈ మూడూ సహజంగా అరిగి ఉన్నాయా చూడండి. ఢాబాలకు, రిసార్టులకు అమ్మడానికి కొత్త కర్రను పాతదిగా చేస్తున్నారు. వాళ్లు పెట్టే తుప్పు ఒంటినిండా ఒకేలా ఉంటుంది, రంధ్రాల లోపల మాత్రం ఇనుము తాజాగా మెరుస్తుంది. అరుగుదల కూడా చెయ్యి పడని చోట ఉంటుంది.

ఇంకో అపోహ గురించి. మనకు దగ్గరలోని నిర్మల్, కోనసముద్రం ప్రాంతాల మూస ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లి కత్తులైంది. అందుకని దొరికిన ప్రతి పాత కర్రునూ "డమాస్కస్ ఉక్కు" అని చెప్పే అమ్మకందారులు తయారయ్యారు. ఆ ఉక్కు ఖరీదైనది, కత్తులకు పోయింది. నాగలి కర్రుకు ఊరి కమ్మరి వాడింది మామూలు ఇనుమే.

పేరు దొరికితే ఎటు వెళ్లాలి

నాందేడ్ ఇనుప నాగళ్లలో ఎక్కువగా తగిలే పేరు కిర్లోస్కర్. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1888లో బెళగావిలో సైకిళ్ల దుకాణంతో మొదలుపెట్టి, గడ్డి కోసే యంత్రం, ఆ తర్వాత 1903లో ఇనుప నాగలి చేశాడు. ఇనుము తగిలితే భూమి విషమవుతుందని రైతులు మొదట్లో ముట్టుకోలేదని చెబుతారు. 1910లో ఔంధ్ సంస్థానంలో స్థలం దొరికి కిర్లోస్కర్‌వాడీ వెలిసింది. అంటే ఆ పేరున్న నాగలి 1903 కంటే ముందుది కాలేదు, రేకు మీద కిర్లోస్కర్‌వాడీ అని ఉంటే 1910 కంటే ముందుది కాలేదు. మరో పేరు కూపర్, సాతారాది. దాని స్థాపకుడు ధన్‌జీషా కూపర్ 1937లో బొంబాయి ప్రెసిడెన్సీకి తొలి ప్రధాని అయ్యాడు. ఈ రెండూ బొంబాయి వైపు కంపెనీలే, నిజాం రాజ్యానికి బయటివి. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజి లైను 1900లో తెరుచుకున్నాక ధర్మాబాద్, ఉమ్రీ స్టేషన్లకు బరువైన సామాను చేరడం సులభమైంది. మీ నాగలి బండి మీద వచ్చిందా రైల్లో దిగిందా అని అడగడం మరచిపోకండి.

పెద్ద ఇనుప నాగళ్లను ఒక జత ఎద్దులు లాగలేవు. నల్లరేగడిలో గరికను, కుందా గడ్డిని వేళ్లతో పెకలించడానికి మూడు నాలుగు జతలు కట్టేవాళ్లు. అందువల్ల ఊళ్లో అలాంటి నాగలి ఒకటి రెండే ఉండి, అద్దెకు తిరిగేది. అది మీ కొట్టంలో ఉందంటే మీవాళ్లదేనని కూడా ఖాయం చేయలేం.

ఇంజన్లలో లిస్టర్ ముఖ్యం. ఇంగ్లండులోని డర్స్‌లీలో తయారైన ఈ ఒంటి సిలిండర్ డీజిల్, పెద్ద ఇనుప చక్రాలతో, 1930 ప్రాంతంలో వచ్చింది. మొదట 5 గుర్రాల శక్తి, నిమిషానికి 600 చుట్లు. తర్వాత 6 గుర్రాలు, 650 చుట్లు. కానీ రాజ్‌కోట్‌లో దాని నకళ్లు లెక్కలేనన్ని తయారయ్యాయి, కాబట్టి ఆకారం చూసి లిస్టర్ అనకండి. రేకు మీద ఊరి పేరు చదవండి. పెట్టర్ అయితే యోవిల్, రస్టన్ అండ్ హార్న్స్‌బీ అయితే లింకన్, ఆ కంపెనీ పేరు 1918లో పుట్టింది. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పుణేలో 1946లో మొదలైంది. 'ఫీల్డ్ మార్షల్' అని కనిపిస్తే ఇంగ్లిషు స్పెల్లింగ్ చివర ఎల్ ఒకటా రెండా చూడండి: రెండుంటే ఇంగ్లండులోని గేన్స్‌బరో ట్రాక్టరు, ఒకటైతే రాజ్‌కోట్ ఇంజను.

ట్రాక్టర్లకు పని తక్కువ. చాసిస్ నంబరు, రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే చాలు. మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు ఐషర్, 1959లో ఫరీదాబాద్ నుంచి వచ్చింది. ఎంహెచ్-26 అన్న నంబరు 1989 తర్వాతి పద్ధతి.

మనుషుల దగ్గరికి

"ఎప్పుడు కొన్నారు?" అని అడిగితే సంవత్సరం రాదు. సంఘటనతో అడగండి. "కాకా, పోలీస్ యాక్షన్ అప్పటికి ఈ నాగలి ఉండెనా?" "బాపూ, డెబ్భైరెండు కరువుల మోట నడిచిందా, ఇంజన్ నడిచిందా?" "కిల్లారి భూకంపం అప్పుడు ఇది కొట్టంల ఉండెనా?" కొత్త పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, అణాలతో కొన్నారా, నయా పైసలతో కొన్నారా అన్నది కూడా మంచి ప్రశ్న. ఇంటి ఆడవాళ్లను వదిలిపెట్టవద్దు. పెద్దమ్మ ఏ పండక్కి కాపురానికొచ్చిందో, ఆమె వచ్చేనాటికి పెరట్లో ఏమున్నాయో ఆమెకే గుర్తుంటుంది.

కమ్మరి, వడ్రంగి ఇళ్లు తప్పనిసరి. బలుతా పద్ధతిలో ఏడాదికింత ధాన్యం తీసుకుని ఊరి పనిముట్లన్నీ చేసింది వాళ్లే. తాతల చేతి వాటం మనవలు గుర్తుపడతారు: కర్రు కొసను ఎటు వంచుతారు, జడ్డిగం అంచుకు గీత పెడతారా, ఇలాంటివి. ఊరూరా తిరిగే గిసాడీ కమ్మరులు చేసిన పని కూడా ఉంటుంది, దానికి ఊరి గుర్తు ఉండదు. వెళ్లడానికి మంచి రోజు పోళా, మన పొలాల అమావాస్య. ఆ రోజు ఎద్దుల సామానంతా బయటికి వస్తుంది, మనుషులు కూడా తీరిగ్గా మాట్లాడతారు.

ఇద్దరు చెప్పింది ఒకటైతే వెంటనే నమ్మకండి. ఇద్దరూ ఒకే మనిషి దగ్గర విన్నారేమో అడగండి.

కాగితాలు

నాందేడ్ 1956 అక్టోబరు 31 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మర్నాటి నుంచి బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో ఉంది. కాగితాలు కూడా అలాగే చీలిపోయాయి. తాలూకా కచేరీలో సాత్‌బారాతో (పొలం హక్కుల, పంటల కాగితంతో) ఆగిపోకుండా 1954–55 ఖాస్రా పత్రక్ నకలు అడగండి. అందులో మీ పొలంలో బావి ఉందా, ఏ పంట ఉంది అన్నది తెలుస్తుంది. బావే లేని పొలానికి మోట చక్రం ఉందంటే అది వేరే ఊరి నుంచి వచ్చినట్టు. అంతకు ముందువి ఉర్దూలో ఉంటాయి. నిజాం ప్రభుత్వ దస్తావేజులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూడవచ్చు.

ఇంట్లో వెతకాల్సినవి: తకావి (సర్కారు రైతుకిచ్చే) అప్పు కాగితం, సహకార సంఘం పాస్‌బుక్, మొదటి కరెంటు బిల్లు. ఇంజను ఎందుకు పక్కన పడిందో చాలాసార్లు ఆ బిల్లు తేదీయే చెబుతుంది. షావుకారు బహీ మోడీ లిపిలో (మరాఠీ పాత గొలుసుకట్టు రాతలో) ఉంటే భయపడకండి. మహారాష్ట్ర పురాభిలేఖ శాఖ ఆ లిపికి తరగతులు నడుపుతుంది, నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు జిల్లాల్లో దొరుకుతున్నారు. జిల్లా పశుగణన నివేదికలు కూడా చూడండి. వాటిలో పశువులతో పాటు చెక్క నాగళ్లు, ఇనుప నాగళ్లు, బండ్లు, ఆయిల్ ఇంజన్ల లెక్క ఉంటుంది. ఒక పశుగణనలో మీ వైపు ఇనుప నాగళ్లు నామమాత్రంగా ఉండి, తర్వాతి దాంట్లో పెరిగితే, మీ ఇంటి కథ ఆ మధ్య కాలంలో ఎక్కడ సరిపోతుందో ఊహించవచ్చు.

రాసిపెట్టడం, దాచడం

ఒక్కో వస్తువుకు ఒక పేజీ. మూడు నిలువు గీతలు: చూసింది, విన్నది, అనుకున్నది. "విట్‌వర్త్ బోల్టులు, కిర్లోస్కర్‌వాడీ అక్షరాలు" చూసిన గడిలో. "తాత ఉమ్రీ స్టేషన్‌లో దింపుకున్నాడు" విన్న గడిలో. "1930లది కావచ్చు" అనుకున్న గడిలో. చెప్పిన మనిషి పేరు, చెప్పిన తేదీ తప్పకుండా రాయండి. పేజీకి ఫోటో నంబరు వేయండి, వస్తువుకు దారంతో చీటీ కట్టండి, రంగుతో నంబరు రాయకండి.

ఇనుముకు పల్చగా నూనె, చెక్కకు అవిసె నూనె పూసి నేలకు తగలకుండా ఇటుకల మీద ఉంచితే చాలు. అవిసె నూనె పూసిన గుడ్డలు కుప్పగా పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఆరేయండి. వందేళ్లు దాటి చారిత్రక విలువ ఉన్న వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు, అలాంటివాటిని దేశం దాటించడం నేరం. విదేశీ కొనుగోలుదారు ఫోన్ చేస్తే ఈ సంగతి ముందే చెప్పేయండి. ఊళ్లోనే అమ్మేస్తుంటే ఆ పేజీ నకలు కూడా వస్తువుతో పంపండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.